కొత్త డాంగిల్ కొనకముందు చిప్ పేరు చూడండి

ప్రశ్న: పర్లాకిమిడిలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే చిన్న దుకాణం మాది. విండోస్ 10కి మద్దతు ఆగిపోయిందని పాత డెస్క్‌టాప్‌లో దాని బదులు లైనక్స్ మింట్ 21 వేయించాను. అప్పటినుంచి యూఎస్‌బీ వైఫై డాంగిల్ పనిచేయడం లేదు. పెట్టెమీద ‘లైనక్స్’ అని అచ్చువేసి ఉంది. పాతపట్నం వెళ్లి పెద్ద కంపెనీది కొనుక్కోమంటారా?

జవాబు: పాతపట్నం దగ్గరే కానీ, ఇప్పుడే ఆ ప్రయాణం అక్కర్లేదు. డాంగిల్ విషయంలో కంపెనీ పేరు కంటే లోపలి చిప్ ముఖ్యం. టీపీ-లింక్ వారి టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ సంగతే చూడండి. మొదటి వెర్షన్‌లో అథెరోస్ చిప్ ఉండేది. లైనక్స్ వాడేవాళ్లు వెతికి మరీ కొనేవారు. రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ చిప్ పెట్టారు. పేరు అదే, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) మాత్రం వేరు. ఇక పెట్టెమీది ‘లైనక్స్’ అన్న మాటను నేను పెద్దగా పట్టించుకోను. ఎప్పటిదో పాత కెర్నల్‌కు (లైనక్స్‌లో పరికరాలను నడిపే మూలభాగం) రాసిన డ్రైవర్ ఫైలు కంపెనీ సైట్‌లో పడి ఉందని మాత్రమే చాలాసార్లు దానర్థం.

డాంగిల్ పెట్టి, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ విండో తెరిచి ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అన్న ఆదేశం ఇవ్వండి. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా టైపు చేయాలి. వచ్చిన వరుసల్లో 0బీడీఏ:1ఏ2బీ కనిపిస్తే, మీ డాంగిల్ తానొక సీడీ డ్రైవ్‌నని చెప్పుకుంటోందన్నమాట! విండోస్ డ్రైవర్‌ను అందులోనే పెట్టి ఇవ్వడానికి తయారీదారులు చేసిన ఏర్పాటిది. విండోస్‌లో డ్రైవర్ ఎక్కగానే ఆ వేషం తీసేస్తుంది. లైనక్స్‌లో ఆ పని ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ అనే ప్రోగ్రామ్ చూసుకోవాలి. అది లేకపోయినా, ఫైళ్ల విండోలో కనిపించే సీడీ గుర్తుమీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కితే చాలాసార్లు సరిపోతుంది.

మళ్లీ అదే ఆదేశం ఇవ్వండి. ఇప్పుడు 0బీడీఏ:సీ811 అని వస్తే అది ఆర్‌టీఎల్8811సీయూ చిప్. దాని డ్రైవర్ కెర్నల్ 6.2 నుంచి లైనక్స్‌లోనే ఉంది. మింట్ 21 వచ్చింది 5.15 కెర్నల్‌తో, చిక్కు అక్కడే. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, దానికి విడిగా డ్రైవర్ అడగదు. ఆ నెట్‌తో అప్‌డేట్ మేనేజర్‌లోని వ్యూ మెనూలో కెర్నల్స్ జాబితా తెరిచి 6.8 ఎక్కించండి, లేదా 6.8తోనే వచ్చే మింట్ 22కు మారండి. ఎవరో రాసిన డ్రైవర్ కోడ్‌ను మీ కంప్యూటర్‌లోనే కంపైల్ చేసుకోమని (పనిచేసే ప్రోగ్రామ్‌గా మార్చుకోమని) వీడియోలు చెబుతాయి. కెర్నల్ మారినప్పుడల్లా కథ మళ్లీ మొదటికి రావచ్చు. గిరాకీ ఎదురుగా నిలబడి ఉండే దుకాణంలో ఆ తలనొప్పి వద్దు.

వేరే చిప్ అని తేలి, కొనక తప్పకపోతే మీడియాటెక్ ఎంటీ7612యూ ఉన్నది అడగండి. కెర్నల్ 4.19 నుంచే దానికి డ్రైవర్ ఉంది. దుకాణదారుకు చిప్ పేరు తెలియకపోతే, వాపసు తీసుకుంటానన్న మాట ముందే తీసుకోండి.

ప్రశ్న: సిరోంచలో చదువుకుంటున్నాను. మ్యాక్‌బుక్‌లో వైఫై పాడైంది. ఇలాంటి డాంగిల్ పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. బయటి యూఎస్‌బీ వైఫైకి యాపిల్ తన డ్రైవర్ ఇవ్వదు. తయారీదారులిచ్చే డ్రైవర్లు కూడా 2020 నాటి బిగ్ సర్ తర్వాత దాదాపు మూలపడ్డాయి. ఎం శ్రేణి చిప్‌ల మ్యాక్ అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు. యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ ఒకటి, క్లయింట్ మోడ్ ఉన్న చిన్న రౌటర్ ఒకటి తీసుకోండి. వైఫైని రౌటర్ అందుకుంటుంది, మ్యాక్‌కు తీగ ద్వారా నెట్ వస్తుంది.