పెద్ద కాలేజీ పేరు ఎంతవరకు అక్కరకొస్తుంది?

అబ్బాయికి జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే) కౌన్సెలింగ్‌లో ఎన్‌ఐటీలో సివిల్ వచ్చేలా ఉందని, రాష్ట్ర ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో హైదరాబాద్ దగ్గర ఓ మామూలు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ వస్తోందని రాశారు. పెద్ద కాలేజీ పేరు ముందుముందు పనికొస్తుందా అన్నది మీ ప్రశ్న.

పనికొస్తుంది, కానీ మొదటి ఉద్యోగం దాకానే. మూడు నాలుగేళ్ల అనుభవం వచ్చాక కాలేజీ పేరు రెజ్యూమే అడుగున ఒక లైను, అంతే.

కంపెనీలు వరంగల్ ఎన్‌ఐటీకో, ఐఐటీకో వెళ్లేది అక్కడి పాఠాలు చూసి కాదు. లక్షల మందిలోంచి ఏరే పని జేఈఈ ముందే చేసిపెట్టింది కాబట్టి వెళ్తాయి. ఐఐటీల్లో డిసెంబరు 1న ప్లేస్‌మెంట్లు మొదలవుతాయి, కంపెనీలే క్యాంపస్‌కు వస్తాయి. మామూలు కాలేజీ పిల్లలకు ఎక్కువగా దొరికేది పూల్ డ్రైవ్. అంటే చుట్టుపక్కల కాలేజీల పిల్లలంతా ఒకచోటికి పోవాలి. ఉదయం ఏడింటికే గేటు దగ్గర లైను, చేతిలో ఫైలు: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, సెమిస్టర్ మెమోలు, ఆధార్ జిరాక్సు, రెజ్యూమే కాపీలు. చాలా సర్వీస్ కంపెనీలు పదో తరగతి నుంచి బీటెక్ దాకా అన్నిట్లో 60 శాతం అడుగుతాయి. ఇంటర్‌లో 59.6 ఉంటే దాన్ని 60 అనుకోరు. బ్యాక్‌లాగ్, అంటే తప్పిన సబ్జెక్టు, ఒక్కటి మిగిలున్నా లోపలికి రానివ్వరు.

రాత పరీక్ష ల్యాబ్‌లో ఉంటుంది. కూర్చోగానే కెమెరా, కీబోర్డు, మౌస్ చూసుకుని, తేడా ఉంటే టైమర్ మొదలవకముందే సిస్టం మార్చమని అడగాలి. మొదలయ్యాక అడిగితే పోయిన నిమిషాలు తిరిగిరావు. సెక్షన్‌కొక కటాఫ్ ఉన్న పరీక్షల్లో ఆప్టిట్యూడ్ అంతా కరెక్టుగా చేసినా ఇంగ్లిష్ సెక్షన్‌లో తప్పితే పోయినట్టే. తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, తెలివితేటల్లో కాదు. కోడింగ్‌లో పైకి కనిపించే రెండు టెస్ట్ కేసులు (ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తుందా అని చూసే నమూనా ఇన్‌పుట్లు) పాసయ్యాయని సబ్మిట్ కొట్టేస్తారు. ఖాళీ ఇన్‌పుట్, ఒకే ఒక్క ఎలిమెంట్, చాలా పెద్ద సంఖ్య, ఈ మూడూ వేసి చూసుకోకపోతే కనిపించని టెస్ట్ కేసుల్లో మార్కులు పోతాయి. పెద్ద కాలేజీ పేరు పిల్లాణ్ణి తప్పించేది ఈ లైన్ల నుంచి, ఈ వడపోత నుంచి.

నాలుగేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి వెతికే రిక్రూటర్ జాబ్ పోర్టల్‌లో ముందు కొట్టేది స్కిల్, అనుభవం, ఇప్పటి జీతం, నోటీస్ పీరియడ్. 90 రోజుల నోటీసు చూసి పక్కన పెట్టడం రోజూ జరిగేదే, కాలేజీ చూసి పక్కన పెట్టడం తక్కువ. అడోబీని ఏళ్ల తరబడి నడిపిన శంతను నారాయణ్ చదివింది ఉస్మానియాలో, మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల మణిపాల్‌లో. వీళ్లను చూపించి కాలేజీ అక్కర్లేదని వాదించేవాళ్లు, ఇద్దరూ ఆ తర్వాత అమెరికాలో పీజీ చేశారన్న మాట మాత్రం ఎత్తరు.

అసలు పేరే చూడని చోట్లూ ఉన్నాయి. యూపీఎస్సీ సివిల్స్‌కు గుర్తింపు ఉన్న ఏ డిగ్రీ అయినా చాలు. అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బీలో అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు విడిగా ఏటా 20,000 కోటా ఉంది. చదివిన యూనివర్సిటీ ప్రభుత్వానిదో లాభాపేక్ష లేనిదో అయి, అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉంటే సరిపోతుంది, ర్యాంకు అడగరు. పొలం తాకట్టు పెట్టి పంపే తల్లిదండ్రులు కన్సల్టెన్సీ మాట నమ్మేముందు ఈ ఒక్కటి చూసుకోవాలి.

కాలేజీల హోర్డింగుల మీద నాకు చాలా కోపం. ఎవరో ఒక్కరికి వచ్చిన ప్యాకేజీని, అదీ జాయినింగ్ బోనస్, షేర్లు కలిపి వేస్తారు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా లెక్కేస్తారు. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొన్న కాలేజీ తన సైట్‌లో ఆ డేటా పీడీఎఫ్ పెట్టాలి. అందులో ఉద్యోగం వచ్చినవాళ్ల సంఖ్య, మీడియన్ జీతం, అంటే జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో పడేది, ఉంటాయి. మీరు చూస్తున్న కాలేజీది తెరిచి చూడండి. ఎక్కడా లేకపోతే ఆ కాలేజీ వద్దు.

ఇక మీవాడి సంగతి. సివిల్ మీద ఇష్టముంటే కళ్లు మూసుకుని ఎన్‌ఐటీలో చేర్చండి, బీటెక్ తర్వాత గేట్ పరీక్ష రాసి పీఎస్‌యూలకు (ప్రభుత్వ రంగ సంస్థలకు) పోవచ్చు. కోడింగే కావాలంటే కంప్యూటర్ సైన్సే తీసుకోండి. ఎన్‌ఐటీకి వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొన్ని సివిల్ వాళ్లను రానిస్తాయి, చాలా కంపెనీలు రానివ్వవు. అక్కడి సివిల్ మూడో ఏడాది పిల్లలనే అడగండి. ఖర్చుకు భయపడొద్దు: కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే ఎన్‌ఐటీ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, లక్ష నుంచి 5 లక్షల వరకు మూడింట రెండొంతులు మాఫీ. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే మీసేవలో పెట్టండి. జోసాలో సీటు వస్తే ఫ్రీజ్ (ఇదే చాలని ఖాయం) చేయకుండా స్లైడ్ పెడితే, తర్వాతి రౌండ్లలో అదే ఎన్‌ఐటీలో మీ ఆప్షన్లలో పైనున్న బ్రాంచి దొరికే వీలుంటుంది. ఏదీ తేలకముందే ఒరిజినల్ టీసీ ఏ కాలేజీ చేతికీ ఇవ్వకండి.