సంగీత సందేహాలు: షకుహాచి, జపాను వారి వెదురు వేణువు

ప్రశ్న: పన్నెండేళ్లు కర్ణాటక వేణువు నేర్చుకున్నాను. ఉద్యోగరీత్యా యొకొహామాకు వచ్చి, ఇక్కడ షకుహాచి నేర్పే ఒక గురువుగారి దగ్గర చేరాను. మొదటి రోజు అరగంట ఊదినా గాలి తప్ప నాదం రాలేదు. ఇప్పుడు నాదం వస్తోంది గాని, రెండు వారాలుగా ఆయన 'రో' అనే ఒక్క స్వరాన్నే ఊదిస్తున్నారు. ఇంతకాలం సాధన చేసినవాడికి ఇది అవసరమా? మన రాగాలు దీనిమీద పలుకుతాయా?
– ఒక పాఠకుడు, యొకొహామా

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే ఉంది. మీ చేతిలో ఉన్నది మామూలు కొలత వాద్యమైతే దాని పొడవు ఒక షకు ఎనిమిది సున్‌లు, అంటే సుమారు 54.5 సెంటీమీటర్లు. జపాను భాషలో హాచి అంటే ఎనిమిది. వాద్యానికి పేరు ఈ కొలత నుంచే వచ్చింది. ముందు నాలుగు, వెనుక బొటనవేలికి ఒకటి, మొత్తం అయిదే రంధ్రాలు. అన్నీ మూసినప్పుడు పలికే 'రో'ను రెండు శ్రుతి షడ్జమం అనుకుంటే, కింది నుంచి రంధ్రాలు తెరుచుకుంటూ పోయినకొద్దీ సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం వస్తాయి. స గ మ ప ని, అంటే మన శుద్ధ ధన్యాసి. ఆ రాగచ్ఛాయ మీకు మొదటి నెలలోనే వేళ్లకు తగులుతుంది, సంతోషమూ కలుగుతుంది. అయితే మిగతా రాగాలూ అంత తేలిగ్గా వస్తాయనుకుంటే అక్కడే దెబ్బతింటారు.

ఎందుకంటే ఆ అయిదు స్వరాల మధ్య ఉన్నవన్నీ ప్రధానంగా మెడతో పుట్టవలసినవి. గడ్డం దించితే పెదవి ఊదే అంచుకు దగ్గరై, గాలి వెళ్లే సందు ఇరుకై, స్వరం కిందికి జారుతుంది. దీన్ని 'మెరి' అంటారు. గడ్డం ఎత్తితే స్వరం పైకి పోతుంది, అది 'కరి'. ఉదాహరణకు మీకు గాంధారంగా వినిపించే 'త్సు'ను, రంధ్రాన్ని వేలితో కొంత మూస్తూ, మెరితో బాగా దించితే శుద్ధ రిషభం దొరుకుతుంది. సంప్రదాయ రచనల్లో విస్తారంగా వినిపించే స్వరవరుస స రి మ ప ధ, రిషభ ధైవతాలు రెండూ శుద్ధాలే; హిందుస్తానీ గుణకలి తెలిసినవారికి ఇది పరిచయమైన రుచి. మన వేణువులో గమకానికి ఎక్కువ పని చేసేవి వేళ్లు, ఇక్కడ మెడ. అందుకే జపాను విద్యార్థులు 'కుబి ఫురి సన్నెన్' అని చెప్పుకొంటారు: మెడ ఊపడం రావడానికే మూడేళ్లట. మీకు మూడేళ్లు పట్టకపోవచ్చు గాని, మీ వేళ్లకు ముందే ఉన్న పనితనం మెడను సోమరిని చేసే ప్రమాదం మాత్రం ఉంది.

ఇంకొక తేడా చెవికి సంబంధించినది. మనం స్వరాలన్నీ సమానమైన నిండుదనంతో పలకాలని సాధన చేస్తాం. షకుహాచిలో మెరి స్వరం సహజంగానే సన్నగా, ముసుగు వేసుకున్నట్లు వస్తుంది. తెరిచిన స్వరం విశాలంగా వస్తుంది. ఈ హెచ్చుతగ్గులను సరిదిద్దరు, వాటితోనే రచన అల్లుతారు. మన రాగాన్ని దీనిమీద వాయిస్తే చాలాసార్లు లోటుగా తోచేది ఇదే, నిజానికి అది వాద్యం చేసిన లోపం కాదు. అలాగే తుత్తుకారాన్ని కూడా పక్కన పెట్టండి: ఒకే స్వరం రెండుసార్లు రావలసినచోట నాలుకతో విడదీయరు, వేలితో రంధ్రాన్ని చటుక్కున తట్టి విడదీస్తారు.

ఇక 'రో' సంగతి. దీనికి 'రోబుకి' అని పేరే ఉంది, ఆరితేరినవారు కూడా రోజూ దీనితోనే మొదలుపెడతారు. అన్ని రంధ్రాలూ మూసి ఉన్నందువల్ల ఈ స్వరంలో దాచుకోవడానికి చోటు ఉండదు: గాలి అంచుకు ఏ కోణంలో తగులుతోందో, శ్వాస ఎక్కడ సన్నబడుతోందో, గొంతు ఎక్కడ బిగుస్తోందో వినిపించిపోతాయి. కర్ణాటక వేణువులో ఊదే రంధ్రం పక్కన ఉంటుంది. ఇక్కడ వెదురు పై కొనను గడ్డానికి ఆనించి, ఏటవాలుగా చెక్కిన అంచుమీదికి ఊదాలి. మీ పన్నెండేళ్ల పెదవి అలవాటును ఇది పూర్తిగా మార్చమంటోంది. మీ గురువుగారు మిమ్మల్ని తక్కువ అంచనా వేశారని నాకు అనిపించడం లేదు. రెండు వారాలకే 'రో' వదిలిపెట్టించి ఉంటే అప్పుడు అనుమానించేవాణ్ణి.

ముందుకు వెళ్లాక 'హోంక్యోకు' అనే ఏకాకి రచనలు నేర్పుతారు. వీటికి తాళం ఉండదు, ఒక శ్వాస ఒక వాక్యం. విన్నవెంటనే మీకు ఆలాపన గుర్తుకు వస్తుంది, అయితే ఆలాపనలోని మనోధర్మానికి ఇక్కడ తావు లేదు. ప్రతి జారుడూ, ప్రతి విరామమూ గురువు వాయించినట్లే రావాలి. రాత కూడా ఉంటుంది, కటకానా అనే జపాను అక్షరాలతో, పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు. కాని మన స్వరలిపిలాగే అది తెలిసినవాడికి గుర్తుచేస్తుంది, తెలియనివాడికి నేర్పదు.

ప్రశ్న: షకుహాచి సన్న్యాసుల వాద్యమనీ, వారు ముఖం పూర్తిగా కప్పుకొని వీధుల్లో ఊదేవారనీ విన్నాను. అటువంటిది కచేరీ వేదికకు ఎలా వచ్చింది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: మీరు విన్నది నిజమే. జపాను చరిత్రలో 'ఎదో' యుగమని పిలిచే కాలంలో (17–19 శతాబ్దాలు) 'ఫుకె' అనే జెన్ బౌద్ధ శాఖకు చెందిన 'కొముసో' భిక్షువులు తలను మెడదాకా కప్పే గడ్డిబుట్ట వంటి 'టెంగై' ధరించి, షకుహాచి ఊదుతూ భిక్షాటన చేసేవారు. వారిలో చాలామంది ప్రభువును కోల్పోయిన సమురాయీలు. వారి దృష్టిలో ఇది సంగీత వాద్యం కాదు, ధ్యానానికి పరికరం. ఊదడాన్నే 'సుయిజెన్', అంటే ఊదే జెన్, అనేవారు. అంతకు చాలా ముందు, 8వ శతాబ్దంలో, ఆరు రంధ్రాల మరొక షకుహాచి రాజాస్థాన సంగీతంలో ఉండేది. నారాలోని షోసోయిన్ భాండాగారంలో అటువంటివి ఎనిమిది ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. కాబట్టి ఇది మఠంలో పుట్టి వేదికకు వచ్చినది కాదు, మధ్యలో కొంతకాలం మఠంలో తలదాచుకున్నది.

కురొసావా కింకొ (1710–1771) వివిధ మఠాల్లో వినిపించే రచనలను సేకరించి, 36 హోంక్యోకులుగా కూర్చాడు; కింకొ సంప్రదాయం ఆయన పేరుమీదే సాగుతోంది. 1871లో మేజీ ప్రభుత్వం ఫుకె శాఖను రద్దు చేసింది. భిక్షువుల హక్కుగా ఉన్న వాద్యం ఒక్కసారిగా అనాథ అయింది, అదే సమయంలో అందరిదీ అయింది. కోతో, షమిసెన్ అనే తంత్రీ వాద్యాలతో కలిసి వాయించే 'సంక్యోకు' మేళంలో అది స్థిరపడటం దాని మనుగడకు ఆధారమైంది. 1896లో నకావొ తొజాన్ ఒసాకాలో తన సంప్రదాయాన్ని నెలకొల్పి, కొత్త రచనలతో, పాశ్చాత్య ప్రభావంతో బోధనను విస్తరించాడు. 1929లో మియాగి మిచియో కోతో, షకుహాచిల కోసం కూర్చిన 'హరు నొ ఉమి' నేడు జపానులో కొత్త సంవత్సరం రోజుల్లో దుకాణాల్లో కూడా వినిపిస్తుంది. 1967లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కోసం తకెమిత్సు తోరు రాసిన 'నవంబర్ స్టెప్స్'లో బీవా అనే తంత్రీ వాద్యంతో పాటు షకుహాచి పెద్ద వాద్యబృందానికి ఎదురుగా నిలిచింది. వాయించినది యొకొయామా కత్సుయా.

మీకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు పూత రికార్డులో యమగుచి గోరొ వాయించిన 'గూటిలోని కొంగలు' ఉంది, అదే రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ గానమూ ఉంది. ముఖం కప్పుకొని ఊరూరా తిరిగినవారి వాద్యం ఇప్పుడు సౌరకుటుంబం అంచులు దాటిపోయింది.

ప్రశ్న: మా అబ్బాయి జపాను నుంచి వెదురు షకుహాచి తెచ్చాడు. హైదరాబాదు వేసవిలో నిలువునా పగులు వచ్చింది. ఏం చేయాలి? కొత్తది కొనాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: వెదురును వేళ్ల దుబ్బుతో సహా తీసి, లోపలి గొట్టాన్ని లక్కపూతతో సరిచేసిన వాద్యమది, గాలిలో తేమ ఒక్కసారిగా తగ్గితే బయటి పొర కుంచించుకుపోయి చీలుతుంది. ఊదడం ఆపి, పగులు మీద టేపు గాని జిగురు గాని వేయకుండా, దారంతో బిగించి కట్టే పని తెలిసిన తయారీదారుకు చూపించండి. చక్కగా కట్టిన పగులు నాదాన్ని సాధారణంగా చెడగొట్టదు. ఇకపై ఊదిన తరువాత లోపల మెత్తని గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూత బిగించండి. ఏసీ గాలి తగిలేచోట, ఎండలో నిలిపిన కారులో ఉంచకండి. అబ్బాయి ఇంకా నేర్చుకునే దశలోనే ఉంటే, వేసవి నెలలకు ఏబీఎస్ ప్లాస్టిక్ షకుహాచి ఒకటి తెప్పించండి. చూడటానికి అందంగా ఉండదు, 'రో' మాత్రం నమ్మకంగా పలుకుతుంది.