మనవరాలి వేళ్లకి తోలుముక్క

ఆమదాలవలస,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి అమ్మలుకి చిన్నతాత ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. చూపుడు వేలి మొదటి గీత మీద నీటిబొబ్బ, మధ్యవేలి కొస కందిపోయి ఎర్రగా ఉంది. కింద "తాతా, ట్యాబ్ కొనమంటావా, గ్లవ్ కొనమంటావా" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. విల్లు నారి లాగే వేళ్లకి అడ్డుపెట్టుకునే తోలుముక్క, అదే ట్యాబ్, మంచిదా, వేళ్లకి తొడుక్కునే గ్లవ్ మంచిదా అని కదా నీ సందేహం. ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను గానీ నేను మొదలుపెడితే మీ హాస్టల్లో భోజనాల గంట కొట్టేస్తారు. అందుకే రాస్తున్నాను. మీ చిన్నమామ్మ పక్కనే కూర్చుని "ఆడపిల్ల చేతులకి ఆ బొబ్బలేంటండీ" అంటోంది. బొబ్బలు తగ్గుతాయిలే అన్నాను. నా భయం వాటి గురించి కాదు.

ముందు ఒక లెక్క చెప్తాను. నీ విల్లు 24 పౌండ్లదని అన్నావు. అంటే పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు మూడు వేళ్ల మీద దాదాపు 11 కేజీలు వేలాడుతున్నట్టు. రోజుకి వంద బాణాలు వేస్తే మొత్తం టన్ను దాటుతుంది. 80 కేజీల ధాన్యం బస్తాలు 13 ఎత్తినంత పని, అదీ పెన్సిల్ కన్నా సన్నటి తాడు మీద! కాబట్టి వేళ్లకి తొడుగు వేసుకోవడం సుకుమారం కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, కుర్రతనంలో నేను దాన్ని సుకుమారమే అనుకున్నాను.

పి.ఇ.టి.గా, అంటే బడిలో ఆటల మాస్టారుగా, ఉద్యోగంలో చేరిన కొత్తలో సీతంపేట ఏజెన్సీలో ఒక బడికి వేశారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఆ బడి పిల్లల్లో ఎక్కువమంది సవర గిరిజనులే. ఒక పిల్లాడి తాత సంతకి వచ్చినప్పుడల్లా భుజాన విల్లంబులతో కనిపించేవాడు. వెదురు విల్లు, దానికి నారి కూడా వెదురు బద్దే, సన్నగా చీల్చి నున్నగా చేసింది. వేళ్లకి ఏమీ ఉండేది కాదు. ఆయన వేళ్లు పట్టి చూశాను, చింతచెట్టు బెరడులా ఉన్నాయి. నా చేతికున్న గ్లవ్ చూసి ఆయన నవ్వాడు. ఏమీ అనలేదు, నవ్వాడంతే. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

ఆ ఏడాది ఆగస్టు 15కి బడిలో ప్రదర్శన పెట్టాం. పట్టుదలకి పోయి, 40 పౌండ్ల విల్లుతో, వట్టి వేళ్లతో పదిహేను రోజులు సాధన చేశాను. ప్రదర్శన బాగానే జరిగింది, చప్పట్లు కొట్టారు. మర్నాడు బోర్డు మీద రాయబోతే వేళ్ల మధ్య సుద్దముక్క ఉందో లేదో తెలియలేదు. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే కళ్లతో చూసి పెట్టుకోవాల్సి వచ్చేది. నొప్పి లేదు, మంట లేదు, వేలి కొసలో స్పర్శే లేదు. డాక్టరు నరం నలిగిందన్నాడు. రెండు నెలలు పైనే పట్టింది మామూలవడానికి.

తర్వాత ఎప్పటికో నాకు అసలు సంగతి తట్టింది. ఆ ముసలాయన అడవిలో రోజంతా తిరిగి వేసేది ఒకటో రెండో బాణాలు. నారిని మనలా గడ్డం కిందికి తెచ్చి నిలిపి, గురి చూస్తూ మూడు నాలుగు సెకన్లు పట్టుకోడు. లాగాడా, వదిలాడా, అంతే. ఆయన పని వేరు, నీ పని వేరు. ఆయనకి తొడుగు అక్కర్లేదు గానీ నీకు కావాలి.

కాబట్టి బొబ్బ వస్తే రెండు రోజులు ఆగు, తగ్గుతుంది. కాయ కాస్తే కాయనీ. కానీ తిమ్మిరి ఎక్కినా, వేలి కొస మొద్దుబారినా ఆ రోజుకి విల్లు కింద పెట్టెయ్యి. మర్నాటికి పోకపోతే కోచ్‌కి చెప్పి డాక్టరుకి చూపించు. "రేపు సెలక్షన్స్, టెన్షన్‌గా ఉంది, ఇవాళ ఒక్కరోజు వేసేస్తాను" అనకు.

ఇక నువ్వు అడిగిన దానికి వస్తాను. ట్యాబ్ కొను. గ్లవ్ చెడ్డదని కాదు. మాటిమాటికీ వేసి తీసే పని లేదు, అలవాటవడం తేలిక, చేతికి వేసుకుని ఊరంతా తిరగొచ్చు. పొలంలో, తోటలో నడుస్తూ బాణాలు వేసుకునేవాళ్లకి అదే నయం. కానీ దాంట్లో ప్రతి వేలికీ ఒక తొడుగు విడిగా ఉంటుంది. నారి జారేటప్పుడు ఒక వేలు ముందు, ఒక వేలు వెనక వదులుతుంది. నీలా మైదానంలో నిలబడి ఒకే బోర్డు మీద గుత్తిగా బాణాలు పడాలనుకునేవాళ్లకి ఒకే తోలుముక్క మీదుగా నారి ఒక్కసారిగా జారిపోవాలి. మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో 70 మీటర్ల నుంచి వేసింది వేళ్లతోనే, అదీ ట్యాబ్‌తో. విలుకత్తె జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు, అంటే కొసల్లో కప్పీలున్నది. ఆ విల్లులో నారిని వేళ్లు తాకవు, మీటలాంటి రిలీజ్ పరికరం పట్టుకుని వదులుతుంది. టీవీలో ఆమె చెయ్యి చూసి అలాంటిది కొనమని మీ నాన్నని వేధించకు.

ట్యాబ్ కొనేటప్పుడు అందరూ బొమ్మ చూసి కొంటారు. నువ్వు కొలత చూడు. కుడిచేత్తో నారి లాగేదానివి కాబట్టి కుడిచేతి ట్యాబ్ కావాలి. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఎడమచేతిది పంపారు, వెనక్కి తీసుకోలేదు. ఇంకా అలమరలోనే ఉంది. చేతికి తొడిగి, వేళ్లని కొక్కెంలా వంచి, మొదటి గీతల్లో తాడు ఆనించి చూడు. తోలు అంచు వేలి కొసని దాటి రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకన్నా పొడవైతే నారి వెళ్లిపోతూ ఆ అంచుని ఈడ్చుకుపోతుంది. ఈ తేడా మొదట్లో నీకు తెలియదు, బాణం ఎడమకి పోతోంది ఎందుకో అని గురి మార్చుకుంటావు. పొడవైనదాన్ని కత్తెరతో కత్తిరించుకోవచ్చు, పొట్టిదాన్ని అతికించుకోలేం. అందుకని అనుమానం ఉంటే ఒక సైజు పెద్దదే తీసుకుని, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా కత్తిరించు.

బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెడుతున్నావు కదా. చూపుడు వేలికీ మధ్యవేలికీ మధ్య చీలిక, అక్కడ చిన్న దిమ్మ ఉన్న ట్యాబ్ చూసుకో. ఆ దిమ్మని స్పేసర్ అంటారు. అది లేకపోతే లాగేకొద్దీ రెండు వేళ్లూ దగ్గరకొచ్చి బాణం తోకలోని గాడిని, అదే నాక్‌ని, నొక్కేస్తాయి. బాణం విల్లు మీద నుంచి ఎగిరి పక్కకి పడిపోతుందని ఇదివరకు అన్నావే, కారణం అదే కావచ్చు. మూడు వేళ్లూ బాణం కిందే పెట్టమని మీ కోచ్ మార్పిస్తే మాత్రం చీలిక లేని ట్యాబ్ కావాలి. వేళ్ల సంగతిలో కోచ్ మాటకి ఎదురు చెప్పకు. నా మాట వేరుగా ఉన్నా సరే.

తోళ్లలో గుర్రం పిరుదుల దగ్గర తీసే కార్డోవన్ అన్నిటికన్నా నున్నన, చాలాకాలం మన్నుతుంది, ఖరీదు కూడా అలాగే ఉంటుంది. అది రెండో ఏడాది చూద్దాం. ఇప్పటికి మామూలు ఆవుతోలు, వెనక మెత్తటి పొర ఉన్నది చాలు. నున్నటి వైపు నారికి, గరుకు వైపు వేళ్లకి. రబ్బరు గ్లవ్సులు, బండి గ్లవ్సులు వద్దు, రబ్బరు తాడుని జారనివ్వదు. మందుషాపు ప్లాస్టర్లు చుట్టుకోవడం అసలే వద్దు, చెమటకి జిగురు జారి వేలి మీద ముద్దవుతుంది.

కొనేలోగా ఒకటి మనమే చేసుకోవచ్చు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి అలాగే చేసిచ్చాను. బజారులో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ముక్కతోలు అడుగు, రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. కార్డు ముక్క మీద మూడు వేళ్లూ దగ్గరగా పెట్టి గీసి కత్తిరించు. మధ్యవేలు దూరడానికి ఒక రంధ్రం, చూపుడు వేలు దిగువన ఒక చీలిక, నాక్ కూర్చోవడానికి ఆ చీలిక కొసలో గోరంత ఒంపు. ముందు కార్డునే చేతికి తొడిగి చూసుకో, సరిపోయాకే తోలు కొయ్యి. నారి తగిలే చోట కొంచెం టాల్కం పౌడరు రుద్దు. మొదటి వంద బాణాలు బిర్రుగా ఉంటుంది, తర్వాత దారికొస్తుంది. పోటీ రోజున మాత్రం కొత్త తోలు చేతికి తగలనివ్వకు. రెండు ట్యాబ్‌లు పెట్టుకుని, సాధనలో రెండిటినీ మార్చి మార్చి వాడుతూ ఉంటే ఒకటి పోయినా కంగారుండదు. నారి తోలు మీద గాడి చేసుకుంటుంది. కొంచెం గాడి మంచిదే. గోరు దిగేంత లోతైతే మార్చెయ్యి.

మన ప్రాంతపు గాలి తోలుకి శత్రువు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఇల్లంతా చెమ్మ. స్టీలు డబ్బాలో మూతపెట్టి దాచిన ట్యాబ్ తీసి చూస్తే తెల్లగా బూజు పట్టి ఉంది. అందుకని సాధన అయ్యాక గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టు, ఎండలో పెడితే అప్పడంలా బిగుసుకుపోతుంది. కొబ్బరినూనె రాయకు, మీ చిన్నమామ్మ రాయమంటుంది, వినకు. నూనె తాగిన తోలు ఉబ్బి మెత్తబడి నారిని పట్టేస్తుంది.

నారి లాగడానికి బొటనవేలికి పెట్టుకునే ఉంగరం గురించి కూడా ఇదివరకు అడిగావు. టర్కీవాళ్లు, మంగోలులు, మన మొగలులు బొటనవేలితోనే లాగేవారు. షాజహాన్ పచ్చరాతి ఉంగరం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. నాకూ సరదా పుట్టి ఇత్తడి పనికి పేరున్న బుడితి వెళ్లి ఇత్తడి ఉంగరం పోయించుకున్నాను. మన జిల్లాలోదే కదా, చెంబులు పోసే చేతులతో ఉంగరం పోయడం వాళ్లకో లెక్కా. అందంగా వచ్చింది. కానీ ఆ పద్ధతిలో బాణం విల్లుకి కుడివైపు పెట్టాలి, నువ్వు నేర్చుకున్నదంతా తిరగెయ్యాలి. ఇప్పుడొద్దు. అన్నట్టు, మనం ఇప్పుడు వేసే తీరులో బొటనవేలికి పనే లేదు. ద్రోణుడు మీ గ్రౌండ్‌కి వస్తే ఏకలవ్యుడి చూపుడు వేలో మధ్యవేలో అడగాల్సి వచ్చేది!

ఈ తొడుగు తెల్లదొరలు తెచ్చిందని మీ స్నేహితురాలు అందట. విశ్వామిత్రుడి వెంట బయల్దేరినప్పుడు రామలక్ష్మణులు గోధాంగుళిత్రాణాలు కట్టుకున్నారని బాలకాండలో ఉంది. గోధ అంటే ఉడుము, అంగుళిత్రాణం అంటే వేళ్లని కాపాడేది. వాళ్లకే తప్పలేదని చెప్పు. ఉడుము తోలు కోసం మాత్రం వెతక్కండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత జంతువు, జైలుకి పంపుతారు.

ఇంకొక్కటి. వేళ్లు కోస్తున్నాయంటే తప్పు ప్రతిసారీ ట్యాబ్‌ది కాదు. నారి మధ్యలో చుట్టిన దారం, సర్వింగ్, మరీ సన్నగా ఉందేమో చూసుకో. విల్లు పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు నారి ముక్కోణంలా వంగి వేళ్లని నలిపేస్తుంది. నీది 66 అంగుళాలదైతే ఆ బెంగ లేదు. వేళ్ల కొసలతో లాగకు, మొదటి గీతలో తాడు కూర్చోవాలి. మధ్యవేలి మీదే ఎక్కువ బరువు పడనీ, ఉంగరం వేలు ఊరికే తోడుండాలి.

రేపు తెల్లకాగితం మీద కుడి అరచెయ్యి ఆనించి, మూడు వేళ్లూ దగ్గరగా పెట్టి పెన్సిల్‌తో గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపు. స్కేలు మర్చిపోకు, పోయినసారి చెప్పుల సైజు పంపినప్పుడు మర్చిపోయావు. శనివారం మీ నాన్న విజయనగరం వస్తున్నాడు, తోలుముక్కతో చేసింది ఒకటి పంపిస్తాను. బొబ్బ తగ్గాక కూడా, అది అందేదాకా మందులాగా పూటకి ఇరవై బాణాలే.

ఇట్లు,
మీ చిన్నతాత