పెద్ద పార్టీలో ప్రగతిశీల వర్గం మాట నెగ్గుతుందా? నేను చూసిన యంగ్ టర్కుల సంగతి

పెద్ద పార్టీ లోపల ఉండి పేదల పక్షాన కొట్లాడే వర్గం వల్ల ఏమైనా ఒరుగుతుందా, వాళ్లని ఓట్ల కోసమే ఉంచుకుంటారా అని అడిగారు. మా నాన్న ఊళ్లో కాంగ్రెస్ మనిషి, నేనేమో జాతీయం చేసిన బ్యాంకుల్లో ఒకదాంట్లో 1973లో క్లర్కుగా చేరాను. అందుకని కాంగ్రెస్‌లోని యంగ్ టర్కుల గురించే చెప్తాను. పార్టీ లోపలే ఉండి పెద్దల్ని ఎదిరించిన సోషలిస్టు భావాల నాయకుల్ని అలా పిలిచేవారు.

చంద్రశేఖర్, మోహన్ ధారియా, కృష్ణకాంత్ వగైరా. బ్యాంకుల్ని జాతీయం చెయ్యాలి, రాజభరణాలు (పాత సంస్థానాధీశులకి ప్రభుత్వం ఏటా ఇచ్చే డబ్బు) తీసెయ్యాలి అని 1967 నుంచి పార్టీలో పట్టుబడుతూనే ఉన్నారు. అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ బ్యాంకుల్ని సొంతదారుల చేతిలోనే ఉంచి వాటి మీద ప్రభుత్వ అజమాయిషీ పెడితే (సామాజిక అదుపు) చాలన్నారు, పని రెండేళ్లు ఆగింది. 1969లో సిండికేట్ పెద్దలు, అంటే పార్టీని గుప్పిట్లో పెట్టుకున్న పాత నాయకులు, ప్రధాని ఇందిరాగాంధీకి ఇష్టం లేకపోయినా నీలం సంజీవరెడ్డిని రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టాక, జనం ముందు పెట్టడానికి ఆవిడకి ఒక కార్యక్రమం కావాల్సొచ్చింది, అది వీళ్ల దగ్గర రెడీగా ఉంది. జూలై 16న మొరార్జీ చేతిలోంచి ఆర్థికశాఖ పోయింది, 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. పార్టీ అభ్యర్థికే వెయ్యనక్కర్లేదు, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యండి అని ఇందిర అనడంతో ఆగస్టులో స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరి గెలిచారు. ముఖ్యంగా పోటీపడ్డ ఇద్దరూ తెలుగువాళ్లే కదా, మా ఇంటి అరుగు మీద మా నాన్నకీ బాబాయికీ రోజూ వాదనే.

నాకు అర్థమైంది ఏంటంటే, ఇలాంటి వర్గం సొంత బలంతో నెగ్గదు. పై నాయకుడికి అవసరం పడే రోజు వచ్చేదాకా ఆ డిమాండుని చావనివ్వకుండా చూస్తుంది. ఆ రెండేళ్లూ వీళ్లు నోరు మూసుకుని ఉంటే 1969లో ఇందిర చేతికి అందేదేముంది?

మా బ్రాంచి గుంటూరు జిల్లాలో ఒక పొగాకు ఊళ్లో. పాత లెడ్జర్లు తిరగేస్తే పొగాకు వ్యాపారులు, రైసు మిల్లుల వాళ్ల పేర్లే కనిపించేవి. 1972లో నాలుగు శాతం వడ్డీకి నిరుపేదలకిచ్చే డీఆర్ఐ అప్పులు వచ్చాయి, తనఖా అక్కర్లేదు. దళితవాడ నుంచి ఒకామె గేదె కోసం వచ్చింది, అప్పటిదాకా ఆమెకి తెలిసింది నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీ. బ్యాంకు లోపలికి రావడానికే భయపడి మెట్ల మీద నిలబడిపోతే నేనే వెళ్లి పిలుచుకొచ్చి వేలిముద్ర వేయించాను. నెలనెలా పాల డబ్బులు చిల్లరతో సహా కొంగులో మూటగట్టుకొచ్చి కట్టేది. అన్నీ అలా జరగలేదు లెండి, నాయకుల మనుషులు పేర్ల లిస్టులు తెచ్చి ఒత్తిడి చేసి ఇప్పించిన అప్పులు చాలా మునిగిపోయాయి, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

మరి ఆ యంగ్ టర్కులేమయ్యారు? ఇందిర ప్రభుత్వం మీద ఉద్యమం నడుపుతున్న జయప్రకాశ్ నారాయణ్‌తో మాట్లాడాలన్నందుకు 1975 మార్చిలో ధారియా మంత్రి పదవి పోయింది. జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టాక చంద్రశేఖర్‌ని జైల్లో వేశారు, అప్పటికి ఆయన కాంగ్రెస్ సభ్యుడే! పార్టీకి అవసరం తీరాక వాళ్లకి పార్టీలో చోటు లేకుండా పోయింది. 1977 లోక్‌సభ ఎన్నికల్లో వాళ్లంతా కాంగ్రెస్‌కి ఎదురు నిలిచిన జనతా పార్టీలో ఉంటే, అప్పటి మన ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో సంజీవరెడ్డి గారొక్కరే జనతా తరఫున గెలిచారు.

కాబట్టి మీరు అలాంటి వర్గంలో పని చెయ్యాలనుకుంటే చెయ్యండి, పని జరుగుతుంది. పేరు వస్తుందని మాత్రం ఆశపడొద్దు. మా ఊరి ఆ తల్లి తన గేదెని చివరిదాకా "ఇందిరమ్మ గేదె" అనే పిలిచింది. చంద్రశేఖర్ అనే మనిషి ఉన్నాడని ఆమెకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.