‘ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు?’ అనగానే నోరు ఎండిపోతుంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం జీతం గొడవే. అన్నీ వేయలేను కాబట్టి నాలుగు ఏరాను. నేను ఉద్యోగాలిచ్చే వైపు, అంటే హెచ్‌ఆర్‌లో, పద్దెనిమిదేళ్ళు కూర్చున్నదాన్ని. కాబట్టి కొన్ని జవాబులు మీకంటే నా పాత తోటివాళ్ళకి ఎక్కువ గుచ్చుకోవచ్చు.

ప్రశ్న: అక్కా, నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మూడున్నరేళ్ళ అనుభవం. పాత కంపెనీలో సీటీసీ, అంటే ఏడాది ప్యాకేజీ, 4 లక్షల 20 వేలు. కొత్త కంపెనీ నుంచి మొదటి ఫోన్ వచ్చినప్పుడు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో జనం మధ్య ఉన్నాను. ఎక్స్‌పెక్టెడ్ ఎంత అంటే టెన్షన్‌లో ఐదున్నర అనేశాను. అవతలి అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ‘ఓకే, ఫైన్’ అంది. చేరాక తెలిసింది, నాతోపాటు అదే పనికి వచ్చినతనికి ఏడు ఇచ్చారట. నిద్ర పట్టడం లేదు. నేనేం చెప్పి ఉండాల్సింది? (కూకట్‌పల్లి పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, ఆ ‘ఓకే, ఫైన్’ నేనూ చాలామందికి చెప్పాను. అలా చెప్పేటప్పుడు నా ముందు ఏముండేదో చెబుతాను విను. ఒక షీట్ ఉంటుంది, అందులో ఆ పొజిషన్‌కి ఇంత నుంచి ఇంత వరకు ఇవ్వొచ్చని ముందే ఆమోదం తెచ్చుకున్న రెండు అంకెలుంటాయి. నువ్వు చెప్పింది కింది అంకె దగ్గరో దానికంటే తక్కువో ఉంటే నేను రాసుకుని నోటీస్ పీరియడ్ ఎంత అని అడిగేస్తాను, అంతే. పై అంకెకి కాస్త అటుగా ఉంటే అప్పుడు మాటలు మొదలవుతాయి. మరీ దూరంగా ఉంటేనే ‘మళ్ళీ చెబుతామండి’ అని పెట్టేస్తాం. మొదటి ఫోన్‌లో కరెంట్ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత, నోటీస్ ఎంత అనే మూడు ప్రశ్నలూ జల్లెడ పట్టడానికే. నిన్ను అంచనా కట్టడం తర్వాత సంగతి.

అందుకే మెట్రోలో జవాబివ్వకు. ‘బయట ఉన్నానండి, సాయంత్రం ఆరింటికి నేనే చేస్తాను’ అంటే ఎవరూ పేరు కొట్టేయరు. ఈలోపు అదే పని, అంతే అనుభవం ఉన్న ఇద్దరు ముగ్గుర్ని అడుగు. పెళ్ళిళ్ళలో ప్యాకేజీలు చెప్పుకునే బావల్ని మాత్రం అడక్కు, ఆ అంకెలకీ పేస్లిప్పులకీ చుట్టరికం ఉండదు.

ఫోన్ చేశాక ముందు నువ్వే అడుగు: ‘ఈ రోల్‌కి మీ బడ్జెట్ ఎంత అనుకున్నారండీ?’ కొందరు చెప్పేస్తారు, నిజంగా. చెప్పకుండా నిన్నే చెప్పమని పట్టుబడితే ఒకే అంకె చెప్పు. ఆరు నుంచి ఏడు అంటే మా చెవికి ఆరు మాత్రమే వినపడుతుంది. చెప్పాక ఊరుకో, అన్నిటికంటే కష్టమైన పని అదే. ఏడు అని చెప్పి, అవతల రెండు సెకన్లు మాట రాకపోయేసరికి ‘కానీ నెగోషియబుల్ అండీ’ అనేసేవాళ్ళు పదిమందిలో ఎనిమిదిమంది ఉంటారు. బేగంబజార్‌లో కొట్టువాడు పన్నెండొందలని చెప్పి, మనం నోరు తెరవకముందే వెయ్యికిస్తానంటే మనం ఎంతకడుగుతాం? ఆరొందలకే కదా.

అయిపోయిన దానికి ఇప్పుడు ఆ ఏడు లక్షల అబ్బాయి పేరు పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్ళకు, అతనూ నువ్వూ ఇద్దరూ ఇరుకున పడతారు. ఆ ఏడులో వేరియబుల్, అంటే కచ్చితంగా వస్తుందని చెప్పలేని భాగం, ఎంతో కూడా నీకు తెలీదు. అప్రైజల్ వచ్చేదాకా నువ్వు పట్టుకున్న పెద్ద బగ్గులు, ఆటోమేట్ చేసిన టెస్టులు ఒకచోట రాసి పెట్టుకో, అప్పుడు వాటిని చూపించి అడుగు.

ప్రశ్న: మేడమ్, నాకు 6 లక్షలకి ఆఫర్ వచ్చింది. నెలకి యాభై వేలు అనుకుని గదికి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. మొదటి జీతం 37,600 పడింది. ఇది మోసం కాదా? (వరంగల్ నుంచి హైదరాబాద్ వచ్చిన పాఠకురాలు)

జవాబు: మోసం కాదమ్మా, కానీ నీకు ముందే విడమరిచి చెప్పకపోవడం మాత్రం తప్పే. సీటీసీ అంటే కంపెనీకి నీ మీద ఏడాదికయ్యే మొత్తం ఖర్చు, నీ జేబులోకొచ్చేది కాదు. లెక్క చూడు. నెలకి 50,000. అందులో పది శాతం వేరియబుల్ అనుకుంటే 5,000 పక్కకి పోతుంది. అది ఏడాది చివర వస్తే వస్తుంది, లేకపోతే లేదు. బేసిక్ 25,000 అయితే కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 3,000 కూడా సీటీసీలోంచే. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 1,200. మామూలు పర్మనెంట్ ఉద్యోగి మధ్యలో మానేస్తే అది చేతికి రాదు, ఐదేళ్ళ సర్వీసు పూర్తవ్వాలి. మిగిలిన 40,800లోంచి నీ వాటా పీఎఫ్ ఇంకో 3,000, ప్రొఫెషనల్ టాక్స్ 200. సరిగ్గా 37,600. పీఎఫ్ రెండు వాటాలూ నీ కోసమే జమవుతున్నాయి కాబట్టి అది పోయిన డబ్బు కాదు, ఇప్పుడు వాడుకోలేని డబ్బు.

ఈసారి ఎవరైనా ఎంత కావాలంటే ముందు నెలకి చేతికెంత రావాలో లెక్కేసుకుని, అక్కడినుంచి వెనక్కి సీటీసీకి వెళ్ళు. వాళ్ళు అంకె చెప్పగానే ‘ఇందులో ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, పీఎఫ్ పూర్తి బేసిక్ మీదా లేక పీఎఫ్ పరిమితి 15,000 మీదా?’ అని అడుగు. 15,000 మీదైతే కంపెనీ వాటా 1,800, నీ వాటా కూడా 1,800 దగ్గర ఆగుతాయి, చేతికొచ్చేది పెరుగుతుంది. జాయినింగ్ బోనస్ అన్నారంటే, ఎన్నాళ్ళలోపు మానేస్తే తిరిగి కట్టాలో చదవకుండా సంతకం పెట్టకు.

ప్రశ్న: పెళ్ళికి ముందు అకౌంట్స్‌లో నెలకి 22,000కి చేశాను. పాప పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. మొన్న ఇంటర్వ్యూలో పాత జీతం ఎంత అని అడిగారు. చెప్పాక, దాని మీద ఇంకో వెయ్యి వేసి ఇస్తామన్నారు. గ్యాప్ ఉంది కదా, అడిగే హక్కు నాకుందా అనిపిస్తోంది. ఇంకో విషయం, కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడు అక్కడ పాత జీతం అడగడమే చట్టరీత్యా తప్పంటున్నాడు. నిజమా? ఇక్కడ కొంచెం పెంచి చెబితే తప్పా? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. కాలిఫోర్నియాలో 2018 జనవరి 1 నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళని పాత జీతం అడగకూడదు, పైగా పదిహేనుమందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థలు 2023 నుంచి ప్రకటనలోనే జీతం రేంజ్ వేయాలి. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగాలకి అలాంటి అడ్డు లేదు. దరఖాస్తులోనే కరెంట్ సీటీసీ గడి ఉంటుంది, అది నింపకపోతే ముందుకే కదలదు.

పెంచి మాత్రం చెప్పకండి. పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫారం 16 అడుగుతారు. కొన్నిచోట్ల చేరిన రెండు నెలలకి వెరిఫికేషన్ రిపోర్టు వస్తుంది, అందులో తేడా కనపడితే ఎంత బాగా పనిచేస్తున్నా పంపేస్తారు. అలా ఒకబ్బాయికి లెటర్ నా చేత్తోనే ఇచ్చాను. జీతం పేస్లిప్‌లో తన చేత్తో దిద్దింది నాలుగు వేల తేడా, అంతే. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పాత జీతం పాతదిగానే చెప్పండి: ‘అది నాలుగేళ్ళ కిందటిదండీ, అప్పటి పనికి. ఇప్పుడు మీరు అడుగుతున్నది జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు లెక్కలు సరిచూడడం, టీడీఎస్. ఈ పనికి నేను 32,000 అనుకుంటున్నాను.’ అంకె మీ ఊళ్ళో ఇద్దర్ని అడిగి మీరే తేల్చుకోండి, నేను ఉదాహరణకి వేశాను. ‘ఇంట్లో ఖాళీగా ఉన్నాను, ఎంతైనా పర్లేదండీ’ అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. పాప స్కూలు ఫీజు, ఇంటి లోను కూడా అక్కడ చెప్పకండి. జాలి పడతారు కానీ జీతం పెంచరు. హక్కు సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నా, మీ గ్యాప్ గురించి వాళ్ళు మిమ్మల్ని పిలవకముందే రెజ్యూమెలో చదివారు. చదివే పిలిచారు.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంజనీరింగ్ అయ్యాక మొదటి ఆఫర్. ఇంకో యాభై వేలు ఎక్కువ అడుగుతానంటున్నాడు. ఉన్నది కూడా పోతుందేమోనని నాకూ మా ఆవిడకీ భయం. (తెనాలి నుంచి ఓ తండ్రి)

జవాబు: అయ్యా, క్యాంపస్‌లో అందరికీ ఒకే ప్యాకేజీ ఇచ్చే ఆఫర్ అయితే అడిగినా మారదు, ఊరికే అడగొద్దనండి. విడిగా వెతుక్కున్న ఉద్యోగమైతే మర్యాదగా ఒక్కసారి అడగనివ్వండి. నేను చూసినంతలో మర్యాదగా అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్నది లేదు. వెనక్కి పోయింది ఒకటే, సంతకం పెట్టి పంపాక వారానికి మళ్ళీ బేరం మొదలుపెట్టిన వాడిది. అలాగే జీతం దగ్గర వాళ్ళు కదలకపోతే బాండ్ ఏమైనా ఉందా, ఉంటే ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలని అడగమనండి. యాభై వేల కంటే అదే పెద్ద లెక్క కావచ్చు. లెటర్ వచ్చాక రెండో పేజీ ఫోటో తీసి మీకు పంపమనండి, జీతం విడివిడిగా చూపించే పట్టిక మామూలుగా అక్కడో చివరి పేజీలోనో ఉంటుంది.