జెర్రిపోతుల పెనుగులాట: అది సరసమా, సమరమా?

ప్రశ్న: మృగశిర కార్తెలో మంచి వాన పడిన మరునాడు మా వేరుశనగ చేని గట్టు మీద రెండు పొడవాటి పాములు తాడులా పెనవేసుకొని, మోకాలి ఎత్తు దాటి లేచి ఊగడం చూశాము. నాగుపాము, జెర్రిపోతు జత కట్టాయని మా పెద్దలు అన్నారు. వాటి మీద తెల్ల తువ్వాలు కప్పి బీరువాలో దాచుకుంటే కలిసివస్తుందని ఒకాయన భుజం మీది తువ్వాలు తీశారు కూడా. అవి జత కట్టాయా, పోట్లాడుకున్నాయా? పోట్లాటే అయితే ఒక్క కాటు కూడా ఎందుకు వేసుకోలేదు?
– ఒక పాఠకుడు, మైదుకూరు

జవాబు: అది పోట్లాటే. అందులో నాగుపాము లేదు. రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. ఆడపాము కోసమో, అది తిరిగే చోటు కోసమో మగ జెర్రిపోతులు ఇలా తలపడతాయి. ఒళ్ళు పెనవేసుకొని, ముందుభాగాన్ని పైకి లేపి, ఎదుటిదాని తలను నేలకు అదమాలని ఒక్కొక్కటీ ప్రయత్నిస్తుంది. కుస్తీలో వస్తాదు ఎదుటివాడి వీపును మట్టికి ఆనించాలని చూడటం లాంటిదే ఇది. పైనున్నది ఒక క్షణంలో కిందికి వస్తుంది, కిందిది మెలిక విప్పుకొని మళ్ళీ పైకి లేస్తుంది. ఇలా చాలాసేపు సాగి, చివరికి అలసిపోయినది పట్టు వదిలి పొదల్లోకి జారుకుంటుంది. మీ పెద్దలను తప్పుపట్టవలసిన పని లేదు. అంత లయగా ఊగే రెండు పాములను చూసినవారికి అది సరసమనే తోస్తుంది. నిజానికి జత కట్టడంలో ఈ ఆర్భాటం ఏదీ ఉండదు: మగది ఆడదాని వీపు పొడవునా పాకి, తోకకు తోక చుట్టి, రెండూ చాలాసేపు దాదాపు కదలకుండా పడి ఉంటాయి.

ఇక నాగుపాము సంగతి. నాగుపాము, జెర్రిపోతు వేరువేరు కుటుంబాలకు చెందినవి కనుక వాటికి జత కుదరదు. ఎదురుపడితే నాగుపాము జెర్రిపోతును మింగబోవచ్చునే గాని, మనువాడదు. ఈసారి కనబడితే దూరం నుంచే తలను గమనించండి: జెర్రిపోతు కళ్ళు పెద్దవిగా, గుండ్రంగా ఉంటాయి, పెదవుల మీద నిలువుగా నల్లని గీతలు వరుసగా కనిపిస్తాయి, పడగ ఉండదు. బెదిరినప్పుడు మాత్రం మెడ ఉబ్బించి గుర్రుమన్నట్టు చప్పుడు చేస్తుంది, ఆ ఉబ్బునే పడగ అనుకొని భయపడేవారు ఉన్నారు. దానికి విషం లేదు. చేలో ఎలుకలను తిని రైతుకు మేలే చేస్తుంది. తువ్వాలు సంగతి మీ ఇష్టం. అయితే దాన్ని కప్పడానికి దగ్గరికి వెళితే ఆ పోట్లాట అక్కడితో ఆగిపోతుంది, పాములు రెండూ చెదిరిపోతాయి.

కాటు ఎందుకు వేసుకోలేదన్న మీ రెండవ ప్రశ్న మొదటిదానికంటే లోతైనది. జెర్రిపోతుకు విషం లేదు కాబట్టి అని సరిపెట్టుకోవడానికి లేదు, ఎందుకంటే కోరల్లో విషమున్న నాగుపాములలో కూడా మగవి రెండు తలపడినప్పుడు సాధారణంగా ఇదే పద్ధతిలో, కాటు జోలికి పోకుండా, ఒకదాన్నొకటి అదుముకుంటాయి. జాతి క్షేమం కోసం జంతువులు ఇలా ఒక నియమాన్ని పాటిస్తాయని ఒకప్పుడు చెప్పేవారు. జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1973లో ‘నేచర్’ అనే విజ్ఞాన పత్రికలో రాసిన వ్యాసంలో, అంత ఉదారమైన కారణం అక్కరలేదని లెక్క కట్టి చూపించారు. ఎప్పుడూ చావో రేవో అని తెగబడే జంతువు తనలాంటి మరొకదాన్ని ఎదుర్కొన్నప్పుడు గెలిచినా గాయపడుతుంది. గాయపడినది వేటాడలేదు, శత్రువు నుంచి పారిపోలేదు. ఎదుటిదాని బలాన్ని తూచి, తాను ఓడుతున్నట్టు తేలగానే వెనక్కి తగ్గేది బతికి మరోసారి ప్రయత్నిస్తుంది. అందువల్ల తగ్గడం తెలిసినవాటి సంతానమే ఎక్కువగా మిగులుతుంది. ఇందులో మర్యాద ఏమీ లేదు, ఉన్నదంతా స్వార్థమే.

ఇదే లెక్కను మన దగ్గరే మరో చోట చూడవచ్చు. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటు చేసిన రోళ్ళపాడు అభయారణ్యం నందికొట్కూరు దగ్గరలో ఉంది. అక్కడి గడ్డిమైదానంలో కృష్ణజింకలు తిరుగుతాయి. తన హద్దులో పెంటికల కుప్పలు పెట్టుకొని కాపలా కాసే మగజింక, మరో మగది వస్తే వెంటనే కొమ్ములు దించదు. మోర పైకెత్తి, చెవులు వాల్చి, బిగుసుకుపోయినట్టు అడుగులు వేస్తుంది. చాలా తగాదాలు ఆ నడకతోనే తీరిపోతాయి. తీరకపోతేనే కొమ్ములు కలుస్తాయి. ఆ కొమ్ముల మీది మెలికలు, గట్లు ఎదుటిదాని కొమ్మును పట్టి ఉంచుతాయి కాబట్టి, మొన జారి కడుపులో దిగే ప్రమాదం కొంత తగ్గుతుంది. పూర్తిగా తప్పుతుందని కాదు. కంటికి దెబ్బ తగిలినవీ, కుంటుకుంటూ మంద వెనక నడిచేవీ ఉంటాయి.

ప్రశ్న: మా గుట్టల్లో ఎలుగుబంట్లు ఎక్కువ. ఎలుగు పులిని కూడా ఎదిరిస్తుందని అంటారు. చిరుతలు, జింకలు పారిపోయే పులి ముందు దానికి అంత ధైర్యం ఎక్కడిది?
– ఒక పాఠకురాలు, కళ్యాణదుర్గం

జవాబు: ధైర్యం అనడం కంటే, పారిపోయే దారి లేకపోవడం అంటే సరిపోతుంది. ఎలుగుబంటి జింకలా పరుగెత్తలేదు. చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుత కూడా చెట్టెక్కుతుంది. పుట్టలు తవ్వడానికి పెరిగిన పొడవాటి గోళ్ళే దానికి మిగిలిన ఆయుధం. అందుకే అపాయం దగ్గరపడితే వెనక కాళ్ళ మీద లేచి, అరుస్తూ మీదికి ఉరుకుతుంది. వేట సులభంగా దొరకాలని కోరుకునే పులి చాలాసార్లు వెనక్కి తగ్గుతుంది. 2018లో మహారాష్ట్రలోని తాడోబాలో పిల్ల వెంట ఉన్న తల్లి ఎలుగు పులితో చాలాసేపు పోరాడిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. పులి ఎలుగును చంపి తిన్న సందర్భాలు కూడా లేకపోలేదు. నల్లమలలో ఈ రెండూ ఒకే అడవిలో తిరుగుతాయి.

మీ గుట్టల్లో పులి లేకపోయినా ఆ అలవాటు మాత్రం ఎలుగుకు పోలేదు. పుట్టలో మూతి పెట్టి చెదలను పీల్చేటప్పుడు అది చేసే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆ పనిలో మునిగిన ఎలుగుకు మనిషి రాక పక్కకు వచ్చేదాకా తెలియదు. తెలిసిన మరుక్షణం అది పులికి చూపే కోపాన్నే మనిషికీ చూపుతుంది. తెల్లవారుజామున గుట్టదారిలో నడిచేవారు గట్టిగా మాట్లాడుకుంటూ పోవడం అందుకే మంచిది.

ప్రశ్న: పాము కరిస్తే ముంగిస ఏదో వేరు తిని బతుకుతుందట, నిజమేనా?
– ఒక విద్యార్థి, గుత్తి

జవాబు: వేరు కథ నిజం కాదు. నాగుపాము విషం కండరాల మీది ఒక గ్రాహకానికి, అంటే నరం పంపే సంకేతాన్ని అందుకునే భాగానికి, అతుక్కొని వాటిని స్తంభింపజేస్తుంది. ముంగిసలో ఆ గ్రాహకం ఆకారం కొంచెం మారి ఉండటంతో విషానికి అక్కడ పట్టు దొరకదు. అయినా కాటు ఎక్కువైతే ముంగిస కూడా చావవచ్చు, అందుకే అది ఒంటిమీది వెంట్రుకలు నిక్కబొడుచుకొని, పాము విసురును తప్పించుకుంటూ దాన్ని అలసిపోనిస్తుంది. ఎలుకలు, బల్లులు, పురుగులు, గుడ్లు దొరికిన రోజున అది పాము జోలికి పోదు. సంతల్లో పాములవాళ్ళు చూపించే పందెంలో పాముకు చాలావరకు కోరలు ముందే పీకేసి ఉంటాయి.