పగ్‌కి గంగిరెద్దు వేషం... కదలకుండా నిలబడితే ఇష్టపడినట్టేనా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా పగ్ కుక్క బుజ్జికి నాలుగేళ్లు, బరువు 11 కిలోలు. ఈసారి హాలోవీన్‌కి మా పాప ముచ్చటపడిందని దానికి గంగిరెద్దు వేషం కుడుతున్నాను. పాత పట్టుచీరతో వీపు మీదికి బొంత, ఫోమ్ కొమ్ములు, మెడలో గజ్జెల పట్టీ, అద్దాలు, పూసలు... అన్నీ చేత్తోనే. కొమ్ములు పెట్టగానే బుజ్జి బొమ్మలా నిలబడిపోతోంది. పోజిస్తోందని మేం మురిసిపోతుంటే, మావారు మాత్రం భయపడుతోందేమో అంటున్నారు. ఏది నిజం? ఆ రోజు గంటన్నర వీధుల్లో తిప్పొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీవారి అనుమానమే నిజమండీ. హుషారుగా ఉన్న పగ్ కదలకుండా నిలబడదు. తోకతో పాటు నడుమంతా ఊపుతుంది, మీ చేతిలో ఏముందో అని వాసన చూస్తుంది. తల మీద ఏదో కూర్చుని, చెవులు మూసుకుపోయి, ఏం చేయాలో తోచనప్పుడే అలా బిగుసుకుపోతుంది. మీరు తీసిన ఫొటోలు పెద్దవి చేసి చూడండి. మెలిక తిరిగి ఉండాల్సిన తోక విప్పుకుని కిందికి జారిందా? చెవులు వెనక్కి అతుక్కున్నాయా? మాటిమాటికీ ముక్కు నాక్కుంటోందా, నిద్ర లేకుండానే ఆవలిస్తోందా? కంటి పక్కన తెల్లగుడ్డు నెలవంకలా కనిపించడం కూడా భయానికి గుర్తే. అయితే పగ్‌లకు మామూలుగానే అది కొంత కనిపిస్తుంది కాబట్టి, బుజ్జి సోఫా మీద హాయిగా పడుకున్న ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని పోల్చండి.

కాబట్టి కొమ్ములు తీసేయండి. అంత కష్టపడి చేసినవి పారేయక్కర్లేదు, పాప తల మీద పెట్టొచ్చు. గజ్జెలు కూడా వద్దు. మనకంటే ఎన్నో రెట్లు చురుకైన చెవి దానిది, అడుగు వేసినప్పుడల్లా గొంతు కిందే మోగుతుంటే పాపం ఎక్కడికని పారిపోతుంది?

నాకు అసలు టెన్షన్ ఆ బొంత గురించి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుంది అంతే. ఒంట్లో వేడి దిగేది రొప్పడం వల్లే. పగ్‌కి ముక్కు చప్పిడి, రంధ్రాలు ఇరుకు, ఊపిరి పీల్చడమే ఒక శ్రమ. పైగా పగ్ బరువు 6 నుంచి 8 కిలోల మధ్య ఉండాలి, బుజ్జి 11. అక్టోబర్ ఆఖరులో కూడా డాలస్‌లో 80 ఫారన్‌హీట్ దాటే రోజులుంటాయి. గంటన్నర అస్సలు వద్దు. చల్లబడ్డాక, ఇంటి ముందే పది నిమిషాలు చాలు. లోపలి అస్తరు, దూది తీసేసి ఒంటి పొరతోనే కుట్టండి. రొప్పుతూ గురగుర శబ్దం వచ్చినా, చొంగ చిక్కబడినా, నాలుక ముదురు ఎరుపుకో నీలానికో తిరిగినా వెంటనే వేషం విప్పి, మామూలు నీళ్లు ఒంటి మీద పోసి, ఫ్యాన్ గాలి తగిలేలా చూస్తూ ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 వరకు మామూలే, 104 దాటితే ప్రమాదం.

అద్దాలు, పూసలు, జరీ పోగులు నోటికి అందే చోట ఉండకూడదు. నా దగ్గరికి ఒకసారి రెండు రోజులుగా వాంతులవుతున్న స్పిట్జ్‌ని తెచ్చారు. కుట్టుపని దగ్గర దొరికిన దారం మింగేసింది. ఆపరేషన్‌లో పొట్ట తెరిస్తే, లంగా బొందు లాగితే నడుము దగ్గర బట్ట కుచ్చులు పడ్డట్టు పేగంతా దగ్గరికి ముడుచుకుపోయి ఉంది. అది బతికింది కానీ, ఆ పేగు నాకింకా కళ్లలోనే ఉంది. మీరు కుట్టేటప్పుడు బుజ్జిని వేరే గదిలో ఉంచండి, లేచేముందు సూది, దారం లెక్క చూసుకోండి. ముడులు, రబ్బరు బ్యాండ్లు వద్దు. వెల్క్రో పెడితే ఎక్కడైనా తగులుకున్నా ఊడి వస్తుంది. పట్టీ కింద మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి.

ఇప్పటి నుంచే రోజూ బొంతని నేల మీద పరచి, దాని మీద బుజ్జికి ఇష్టమైన తిండి ముక్కలు పెట్టండి. తనంతట తాను వచ్చి ఎక్కడం మొదలయ్యాక వీపు మీద ఒక నిమిషం, తర్వాత రెండు నిమిషాలు.

పిల్లలు తెచ్చే క్యాండీ బకెట్ ఎత్తున పెట్టండి. చాక్లెట్, ముఖ్యంగా డార్క్ రకం, కిస్‌మిస్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిపిన షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ కుక్కలకు విషం. తిన్నదని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు. అమెరికాలో జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్ నంబరు 888-426-4435 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఫీజు పడొచ్చు. క్యాండీ కోసం పిల్లలు బెల్ కొట్టిన ప్రతిసారీ తలుపు తెరుస్తారు, బుజ్జి బయటికి పారిపోవచ్చు కాబట్టి, ఆ పది నిమిషాలు తప్ప సాయంత్రమంతా దాన్ని లోపలి గదిలో ఉంచండి.

ఇన్ని చేసినా బొంత వేయగానే మళ్లీ బిగుసుకుపోతే, బలవంతం చేయొద్దు. పాపకి తలపాగా చుట్టి, చేతికి ఒక సన్నాయి బొమ్మ ఇచ్చి గంగిరెద్దులవాడిని చేయండి. బుజ్జికి రోజూ వేసే హార్నెస్ మీదే పట్టు అంచు ముక్క ఒక్కటి కుట్టండి. మన ఊరి సంక్రాంతి చూసినవాళ్లకి అదేమిటో చెప్పక్కర్లేదు.